పాల బాల్చీ నీళ్లు

చర్చి బాయిలర్ మళ్లీ ఆగింది.
ఉర్మాస్ దాని కింద వెల్లకిలా పడుకుని
ఎస్తోనియా భాషలో ఉన్న బూతులన్నీ
మరకొకటి చొప్పున ఖర్చుపెడుతున్నాడు.
విననట్టుండడం
పాస్టరమ్మ ఉద్యోగంలో ఒక భాగం.

పైన, అంగీలు తగిలించే గదిలో,
కొంకర్లు పోయిన వేళ్లతో
పాత బాప్తిస్మాల రిజిస్టరు తిరగేస్తున్నాను.
పందొమ్మిది వందల అరవై మూడు, ఫిబ్రవరి.
నాకు ముగ్గురు ముందున్న అయ్యగారి దస్తూరి.
బిడ్డ పేరు: ఉర్మాస్.
బాప్తిస్మం ఇచ్చినది: హిల్యా,
సమష్టి క్షేత్రంలో పాలు పితికే మనిషి.
నీళ్లు: ఆవుల పొదుగులు కడగడానికి కాచినవి.
పాత్ర: బాల్చీ.

ఆ వారం సముద్రం మీద ఎటూ కాని మంచు.
పడవకు గట్టి, బండికి పలచన.
డాక్టరు ఆవలి ఒడ్డున, హాప్సలులో.
బిడ్డ మెడకు పేగు చుట్టుకుని, నేరేడు రంగులో పుట్టాడు.
"ఎవరినైనా పిలవండి" అందట తల్లి.
ఆ రాత్రి ఆ "ఎవరైనా"
కొట్టంలో ఉన్న హిల్యా ఒక్కతే.

తమ్ముణ్ణి రైలెక్కించి సైబీరియాకు తోలిన నాటి నుంచి
పద్నాలుగేళ్లుగా దేవుడితో మాటల్లేవు ఆమెకు.
బాల్చీతోనే వచ్చింది.
మూడు దోసిళ్లు.
తండ్రి యొక్కయు, కుమారుని యొక్కయు...
చిన్నప్పుడు బెత్తం భయంతో నేర్చిన మాటలు
నోరు మరిచిపోలేదు.
బిడ్డ ఏడ్చాడు.
నీళ్లు మరీ వేడిగా ఉన్నాయేమో, ఎవరికి తెలుసు.

వసంతంలో మంచు కరిగాక అయ్యగారి దగ్గరికొచ్చింది,
దొంగసొమ్ము తిరిగివ్వడానికి వచ్చినట్టు.
ఆయన అడగాల్సినవి మూడే:
ఎవరు, దేనితో, ఏ మాటలతో.
అడిగాడు, రాసుకున్నాడు.
నాలుగోది ఆమే చెప్పింది.
అంచున, ఇరుకు చోటులో, ఉంది ఆ సంగతి:

"తనకు నమ్మకం లేదని చెప్పి ఏడ్చింది.
మళ్లీ ఇవ్వమంది, సరైన తొట్టిలో, సరైన మనిషి చేత.
ఇవ్వలేదు.
మొదటిసారి ఇచ్చినదీ ఆమె కాదు కనుక."

తార్తూలో ఆరేళ్లు చదివాను నేను.
కృప మీద ఎనభై పేజీలు రాసి పట్టా తెచ్చుకున్నాను.
ఆ ఎనభై పేజీల్లో ఈ చివరి వాక్యం లేదు.
ప్రతి శనివారం రాత్రి
నా విశ్వాసాన్ని చిల్లర లెక్కపెట్టినట్టు లెక్కపెట్టుకుంటాను,
రేపటి బల్లకు చాలుతుందా అని.
పదకొండు మంది వస్తారు. చలికాలం ఏడుగురు.
వాళ్ల చేతుల్లో రొట్టె పెడుతూ "నీ కొరకు" అంటాను,
నా గొంతు నాకే అప్పు తెచ్చుకున్నట్టుంటుంది.
అయినా వాళ్లు తింటారు.
అయినా అది వాళ్ల కొరకే.

ఉర్మాస్ పైకొచ్చాడు, నుదుటి మీద మసి.
"ఏంటి చదువుతున్నావు?"
చూపించాను. వేలు పెట్టి నెమ్మదిగా చదివాడు.
"ఆవుల నీళ్లా?"
"అవును."
"అందుకే కాబోలు, నాకు పాలు పడవు."
కాసేపు ఊరుకున్నాడు.
"అరవై ఏళ్లయింది. పంపుకైతే రెండేళ్లే గ్యారంటీ.
ఇదింకా పనిచేస్తుందంటావా?"

ఎనభై పేజీల్లో వెతికాను.
"చేస్తుంది" అన్నాను.
"నేనేం చెయ్యకపోయినా?"
"నువ్వేం చెయ్యకపోయినా."
"అదేం యంత్రం!" అన్నాడు, కోపంగానే,
పనివాడికి అలాంటి మాట నచ్చదు కదా.

డబ్బు తీసుకోలేదు.
"ఆదివారం రాను" అన్నాడు గుమ్మంలో.
"తెలుసు."
"ఇది మళ్లీ ఆగితే పిలు."

గొట్టాలు ఒక్కొక్కటే టిక్కుమంటూ వేడెక్కుతున్నాయి.
తొట్టి దగ్గరికెళ్లాను.
నిన్నటి నీళ్ల మీద సన్నటి మంచు పొర,
పడవకు గట్టి, బండికి పలచన.
వేలితో నొక్కితే పగిలింది.
కింద నీళ్లున్నాయి.